పాఠశాల జమాఖర్చులు – కేంద్ర నిధుల నియమాలు

మన కళాశాల వార్షిక సంచికలో తెలుగు అధ్యాపకుల వ్యాసమనగానే ప్రబంధాలను గూర్చియో, శతకాలను గూర్చియో ఉంటుందని పాఠకులు ఎదురుచూడడం సహజం. ఈ సంవత్సరం మేము జమాఖర్చుల పుస్తకాన్ని గూర్చి వ్రాయ సంకల్పించినాము. ఇందుకు కారణం ఎలమంచిలి ప్రాంతంలోని ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయులు గత వేసవిలో మా ఇంటికి తెచ్చిన ఒక ఆంగ్ల తాఖీదు.

ఆయన మాకంటె వయసులో చాలా పెద్దవారు. పదవీ విరమణకు రెండేండ్లు మాత్రమే మిగిలి ఉన్నది. తాఖీదును బల్లపై పెట్టి, "మాస్టారూ, నేను దొంగతనం చేశానని వ్రాశారా ఇందులో?" అని అడిగినారు. చదివి చూడగా సంగతి ఇది. ఆటవస్తువుల కొరకు మంజూరైన 5,000 రూపాయలతో ఆయన ఒకటవ, రెండవ తరగతుల గదికి రెండు పంకాలు కొన్నారు. పాత పంకాలు కాలిపోయి ఏడాది దాటింది. ఏప్రిల్ ఎండలలో ఆ గదిలో పసిపిల్లలు కూర్చుండలేని స్థితి. బిల్లు ఉన్నది, పంకాలు ఉన్నవి, పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం సైతం ఉన్నది. కాని తాఖీదులో నిధుల మళ్ళింపు జరిగినదనీ, సంజాయిషీ ఇవ్వవలసినదనీ, అది తృప్తికరంగా లేనిచో సొమ్మును జీతం నుండి రాబట్టగలమనీ ఉన్నది. మళ్ళింపు వేరు, దొంగతనం వేరు అని మేము చెప్పినాము. ఆయన ముఖంలోని నీడ మాత్రం తొలగలేదు. ముప్పది సంవత్సరాలు సుద్దముక్క పట్టిన చేతికి ఈ మాట కొత్తది గదా!

అంతకు ముందు లెక్కల శిక్షణ మీకు ఇవ్వలేదా అని అడిగినాము. రెండు పర్యాయాలు పిలిచినారట. రెండు పర్యాయాలును కంప్యూటరు తెరపై ఏ గడిలో ఏ అంకె వేయవలెనో చూపినారట. ఆ అంకె ఎందుకు వేయవలెనో ఎవరూ చెప్పలేదు. మా వ్యాసమంతా ఈ ఒక్క లోపాన్ని గూర్చియే.

ప్రభుత్వ ధనం షరతులతో కూడి రావడం నేటి ముచ్చట కాదు. 1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యా లేఖ మన దేశంలో సహాయక గ్రాంట్ల పద్ధతికి పునాది వేసింది. అప్పటికి మన విశాఖపట్టణ మండలం మద్రాసు రాజధానిలో భాగం. పాఠశాలకు స్థానికంగా బాధ్యత గల నిర్వాహకులు ఉండవలె, ప్రభుత్వ తనిఖీకి లోబడవలె, విద్యార్థుల వద్ద స్వల్పమైనా రుసుము పుచ్చుకోవలె అనేవి నాటి ముఖ్యమైన షరతులు. తనిఖీకి వచ్చిన అధికారి ఆ పాఠశాలలో బోధించే మతసిద్ధాంతాల జోలికి పోరాదని కూడ అందులోనే ఉన్నది. ఇచ్చేవాడు లెక్క అడుగవచ్చును, విశ్వాసాన్ని అడుగరాదు అనే విభజన అంతటి పాతది. మనవంటి సంస్థల వారు దీనిని గుర్తుంచుకొనుట మంచిది. వ్యాసంలో ముందుకు పోయిన పిదప మళ్ళీ ఈ మాటకు వత్తుము.

స్వాతంత్ర్యానంతరం విద్య చాలాకాలం రాష్ట్రాల విషయంగానే ఉండినది. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణతో అది ఉమ్మడి జాబితాలో చేరింది. 2001లో సర్వశిక్షా అభియాన్, 2009లో మాధ్యమిక విద్యకు మరొక అభియాన్ ఆరంభమైనవి. 2018లో ఇవన్నియు సమగ్ర శిక్ష అనే ఒకే పథకంలో విలీనమైనవి. ఖర్చులో కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య వాటాలు మారుతూ వచ్చినవి. పదవ పంచవర్ష ప్రణాళికలో కేంద్రం 75, రాష్ట్రం 25. విద్యాహక్కు చట్టం అమలైన 2010 నుండి 65, 35. 2015–16 నుండి మనవంటి రాష్ట్రాలకు 60, 40. కావున నేడు ఒక పల్లెబడిలో సమగ్ర శిక్ష నిధితో కొన్న చీపురు ఖరీదులో పది రూపాయలకు ఆరు రూపాయలు ఢిల్లీవి, నాలుగు అమరావతివి. రెండు ఖజానాల ధనం కలసినచోట రెండు ప్రభుత్వాల నియమాలును వచ్చి కూర్చుంటవి. పాఠశాలలో వాటిని అమలు చేయవలసినవాడు మాత్రం ఒక్కడే.

ఆ ఒక్కడు ఎవరు? కస్తూర్బా బాలికా విద్యాలయాలలో అకౌంటెంటు పోస్టు ఉన్నది. మండల వనరుల కేంద్రంలో లెక్కలు చూచే సిబ్బంది ఉంటారు. ప్రాథమిక పాఠశాలలో గుమాస్తా ఉండడు. ప్రధానోపాధ్యాయుడే గుమాస్తా, ఆయనే కోశాధికారి, మధ్యాహ్న భోజనానికి వచ్చిన బియ్యమూ గ్రుడ్లూ లెక్కించే గిడ్డంగి అధికారియు ఆయనే. రెండు తరగతులకు పాఠం చెప్పి ఈ పనులన్నియు చేయవలె. కావున ఆర్థిక సిబ్బందికి శిక్షణ అన్నపుడు జిల్లా కార్యాలయంలోని అకౌంట్స్ అధికారిని మాత్రమే మనసులో ఉంచుకొన్నచో ఆ శిక్షణ చేరవలసినచోటికి చేరదు.

ఇప్పుడు ఆ ప్రధానోపాధ్యాయుల లెక్కనే తీసికొని చూతము. సమగ్ర శిక్షలో మిశ్రమ పాఠశాల గ్రాంటు అనేది ఒకటి ఉన్నది. 2021లో సవరించిన ప్రమాణాల ప్రకారం 30 మంది వరకు పిల్లలున్న బడికి 10,000, 31 నుండి 100 వరకు 25,000, 101 నుండి 250 వరకు 50,000, 251 నుండి 1,000 వరకు 75,000, ఆపై లక్ష రూపాయలు. పాడైన పరికరాల స్థానంలో కొత్తవి కొనుటకు, సుద్దముక్కలు, రిజిష్టర్లు మున్నగు వాటికి, విద్యుత్తు, నీరు, ఇంటర్నెట్టు రుసుములకు, బోధనోపకరణాలకు, చిల్లర మరమ్మతులకు దీనిని వాడవచ్చును. కనీసం పదవ వంతు పరిశుభ్రతకు వెచ్చించవలె. ఇది గాక ఆటవస్తువులకు ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 వేరుగా ఉన్నది.

వారి బడిలో 84 మంది పిల్లలు. కావున మిశ్రమ గ్రాంటు 25,000. ఆయన పుస్తకం తెప్పించి చూచినాము. విద్యుత్తుకు 3,600, సుద్దముక్కలు రిజిష్టర్లు మున్నగు వాటికి 4,250, నీటి గొట్టం మరమ్మతుకు 1,900, శుభ్రతా సామగ్రికి 2,500, బోధనోపకరణాలకు 2,750. మొత్తం 15,000. వడ్రంగికి బెంచీల మరమ్మతు కొరకు ఇచ్చిన 4,000 కూడ వీటి క్రిందనే వ్రాసి, మొత్తం వ్యయం 19,000 అని వేసినారు. బెంచీలు మాత్రం రాలేదు. వడ్రంగి బిల్లు ఇవ్వలేదు. మిగిలిన 6,000 మార్చి 31తో పరిమితి రద్దయి వెనుకకు పోయినది.

ఇందులో రెండు పాఠాలున్నవి. మొదటిది బయానాకును ఖర్చుకును గల భేదం. బయానా ఇచ్చినంతమాత్రాన ఖర్చు కాదు. వస్తువు చేతికి వచ్చి, బిల్లు వచ్చి, ఆ వస్తువు స్టాకు రిజిష్టరులో ఎక్కిన పిదపనే అది ఖర్చు. అప్పటి వరకు ఆ 4,000 వడ్రంగి వద్ద ఉన్న మన సొమ్ము. సర్వశిక్షా అభియాన్ కొరకు 2004లో వచ్చిన ఆర్థిక నిర్వహణ, కొనుగోళ్ళ కరదీపిక ఈ సూత్రాన్నే పైనుండి క్రింది వరకు వర్తింపజేసింది. రాష్ట్రం జిల్లాకు పంపినది, జిల్లా మండలానికి పంపినది, మండలం బడికి పంపినది మొదట బయానాగానే వ్రాయవలె. లెక్క తిరిగి వచ్చిన మేరకే ఖర్చుగా మార్చవలె. పంపిన ధనాన్నే ఖర్చైన ధనంగా చూపుట ఆడిట్ వారి ఆక్షేపణలలో తరచుగా కనబడే విషయం. 19,000 ఖర్చైనచో 25,000లో అది 76 శాతం. నిజానికి ఖర్చైనది 15,000, అనగా 60 శాతం. ఈ తేడా ఎంతటిదో చెప్పవలెనన్న, ధనం క్రిందికి దిగే మార్గాన్ని కొంచెం చూడవలె.

2021 జూలై 1 నుండి కేంద్ర ప్రాయోజిత పథకాలకు కొత్త పద్ధతి వచ్చింది. ప్రతి పథకానికీ రాష్ట్రంలో ఒకే నోడల్ సంస్థ, దానికి ఒకే బ్యాంకు ఖాతా. క్రింది కార్యాలయాలకు, పాఠశాలలకు సున్న నిల్వ ఖాతాలు. పూర్వం బడి ఖాతాలో సొమ్ము వచ్చి పడేది, ఏండ్ల తరబడి మురిగేది. ఇప్పుడు బడికి వచ్చేది సొమ్ము కాదు, ఇంతవరకు వాడుకొనవచ్చునన్న పరిమితి. చెల్లింపు జరిగిన క్షణాననే పై ఖాతా నుండి ధనం కదలి వర్తకుని ఖాతాలో పడుతుంది. పి.ఎఫ్.ఎం.ఎస్. అనే వ్యవస్థలో అది నమోదవుతుంది. కేంద్రం తన వాటాను ఒక పర్యాయానికి 25 శాతానికి మించి విడుదల చేయదు. అంతకు ముందు విడుదలైన కేంద్ర, రాష్ట్ర ధనంలో కనీసం 75 శాతం ఖర్చైనట్లు తేలితేనే తరువాతి విడత. 2023లో స్పర్శ్ అనే మరొక విధానం కూడ వచ్చి, చెల్లింపు సమయానికే ధనం కదిలే పద్ధతిని ఇంకొక మెట్టు ముందుకు నడిపింది.

ఈ 75 శాతం గణన రాష్ట్రం మొత్తానికి గాని ఒక్క బడికి కాదు. అయినను రాష్ట్రం మొత్తమనగా వేలాది బడులే గదా! భయపడి ఖర్చు చేయని ప్రతి బడియు, ఖర్చు చేసియు నమోదు చేయని ప్రతి బడియు తక్కిన బడుల తదుపరి విడతను కొంచెం కొంచెంగా వెనుకకు లాగుతూ ఉంటుంది. కాగా ఆ 75 అందుకొనుటకు బయానాలను ఖర్చుగా వ్రాసినచో అది కాకిలెక్క. ఇటువంటి కాకిలెక్కలు వేలు కలిస్తే పైవారికి కనబడే అంకెకును బడిలోని బెంచీకిని సంబంధమే ఉండదు.

రెండవ పాఠం మాకు మరింత బాధ కలిగించినది. ఆటవస్తువుల డబ్బుతో కొన్న పంకాల ఖరీదు 5,000. మిశ్రమ గ్రాంటులో ఖర్చు కాక వెనుకకు పోయినది 6,000. కాలిపోయిన పంకాల స్థానంలో కొత్త పంకాలు మిశ్రమ గ్రాంటుతో నిస్సందేహంగా కొనవచ్చును. అనగా ఆ పంకాలకు తగిన ధనం, నియమబద్ధంగా, ఆయన అధీనంలోనే ఉన్నది. మిశ్రమమన్న మాటకు అర్థం చెప్పినవారు లేక, సుద్దముక్కలు సున్నాలు తప్ప దానితో ఏమి కొన్నను తప్పేమోనని ఆయన ఆ 6,000ను ముట్టలేదు. చివరకు పిల్లలకు బంతులు లేవు, 6,000 లేదు, ఆయన జీతంలో 5,000 కోత పడు ప్రమాదం వచ్చింది. ఒక్క పైస ఎవరి జేబులోనికీ పోలేదు. నియమం తెలియకపోవుటచే జరిగిన నష్టం మాత్రం అవినీతి వలన జరిగే నష్టానికి తీసిపోలేదు.

నియమాలు కఠినంగా ఉన్నవని కొందరు అందురు. అన్నియు కఠినమైనవి కావు. ప్రతి ఖర్చుకు ఓచరు, ఓచరుకు వరుస సంఖ్య, బిల్లు వెనుక స్టాకు రిజిష్టరు పుట సంఖ్య, తప్పు పడితే దిద్దక ఒక గీత కొట్టి ప్రక్కన పొడి సంతకం, నెలకొకసారి బ్యాంకు లెక్కతో సరిచూచుట ఇవి ఏ కిరాణా వర్తకుడైనను ఎరిగినవే. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో దిమ్మలు తూచి పట్టీ వ్రాసే గుమాస్తా వీటిని ఏ శిక్షణా తరగతిలోనూ నేర్వలేదు. గ్రాంటు లెక్కకును వర్తకుని లెక్కకును తేడా మరొకచోట ఉన్నది. వర్తకునికి మిగిలినది లాభం. గ్రాంటులో మిగిలినది పొదుపు కాదు, జరుగని పని. వర్తకుడు ఈ గల్లా సొమ్ము ఆ గల్లాలో కలుపుకొనవచ్చును. గ్రాంటులో ప్రతి రూపాయికి ఒక పేరున్నది, ఆ పేరు మార్చే అధికారం మంజూరు చేసినవారికే ఉన్నది. గ్రాంటుపై వచ్చిన వడ్డీ సైతం మనది కాదు, తిరిగి కట్టవలసినదే. కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలలలోగా వినియోగ ధ్రువపత్రం పంపవలెనని చెప్పుచున్నది. గ్రాంటు పొందిన సంస్థ పుస్తకాలు మంజూరు అధికారికిని కాగ్‌కును తెరచి ఉండవలెనని కూడ అందులో ఉన్నది. మన బి.కాం. విద్యార్థులు తరగతిలో నేర్చేది ముఖ్యంగా లాభనష్టాల లెక్క. ఈ భేదాన్ని వారు ప్రత్యేకంగా నేర్వవలసి ఉన్నది.

కొన్ని నియమాలు నిజంగానే చిక్కు పెట్టును. మన సమీపంలోని ఏటికొప్పాక లక్క బొమ్మలు ప్రసిద్ధమైనవి. చిన్నపిల్లలకు లెక్కలు, రంగులు, ఆకారాలు నేర్పుటకు అంతకంటె చక్కని సాధనం మాకు తోచదు. బొమ్మలు చేసే చేతిపనివాని వద్ద అచ్చు బిల్లు పుస్తకం ఉండకపోవచ్చును. అతని ఖాతా వివరాలు పి.ఎఫ్.ఎం.ఎస్.లో నమోదు కావలె. అది ఒక పూట పని. ఇదంతా ఎందుకని ప్రధానోపాధ్యాయుడు విశాఖపట్టణం పోయి, పెద్ద దుకాణంలో ప్లాస్టిక్ బొమ్మలు అచ్చు బిల్లుతో తెచ్చుకొనును. నియమం ఆ పని చేయుమనలేదు. పేరు, ఊరు, వస్తువు, సంఖ్య, ధర, తేదీ, సంతకం గల చేతివ్రాత రశీదు తీసికొని, 5,000 రూపాయలు మించినచో రూపాయి రెవిన్యూ స్టాంపు అంటించి, కమిటీ తీర్మానంలో కారణం వ్రాసికొన్నచో సమర్థించుకొనవచ్చును. శిక్షణలో ఈ మాట చెప్పకపోవుటచే, భయం నియమం కంటె పెద్దదై కూర్చున్నది. మన ఊరి ధనం మన ఊరి కళాకారునికి చేరకపోవుటకు ఇది ఒక కారణం.

ఇక భాషను గూర్చి ఒక మాట. తెలుగు అధ్యాపకులమగుటచే దీనిని దాటిపోలేము. ఈ నియమాలు ఆంగ్లంలో వచ్చును. క్రిందికి దిగుచున్నకొలది ఆంగ్లపు మాటలకు తెలుగు లిపి తొడిగి పంపుదురు, అర్థం మాత్రం పైనే ఉండిపోవును. నిజానికి లెక్కల విషయంలో తెలుగు బీదది కాదు. జమ, ఖర్చు, రశీదు, బాకీ, వసూలు, మంజూరు, దాఖలు, నకలు, రద్దు, ఖజానా, జవాబుదారీ ఈ మాటలన్నియు అరబ్బీ, పారసీక మూలాల నుండి వచ్చి తెలుగువాని నోట తెలుగు మాటలైనవి. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల పద్ధతి రద్దయినంతవరకు పల్లెలలో చిట్టా, ఆవర్జా అనని ఊరు లేదు. మన కళాశాలలో ఉర్దూ తరగతి గదికిని తెలుగు తరగతి గదికిని మధ్య ఒక గోడ ఉన్నది. జమాఖర్చుల పుస్తకంలో ఆ గోడ లేదు. ఉర్దూ మాధ్యమ పాఠశాల ప్రధానోపాధ్యాయినికి "ఎడ్జస్ట్‌మెంట్ ఆఫ్ అడ్వాన్స్" అన్న మాట కంటె "బయానా వసూలు" అన్నది త్వరగా బోధపడును. తెలుగు బడివారికిని అంతే. ఇటువంటి నూరు మాటల పట్టికను రెండు లిపులలో తయారు చేయుట మన రెండు శాఖల విద్యార్థులకు ఒక నెల పని.

ఇతర దేశాలలో ఎట్లున్నదని విద్యార్థులు అడుగవచ్చును. అమెరికాలో 1965 నాటి ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టం క్రింద సమాఖ్య ప్రభుత్వం పేద పిల్లలు అధికంగా గల పాఠశాలలకు ధనం ఇచ్చును. అక్కడి ప్రధాన సూత్రం, సమాఖ్య ధనం స్థానిక ధనానికి తోడు కావలెనే గాని దాని స్థానాన్ని ఆక్రమించరాదన్నది. ఒక ఉపాధ్యాయురాలి జీతంలో కొంత భాగం సమాఖ్య నిధి నుండి ఇచ్చినచో, ఆ పనికి ఆమె వెచ్చించిన కాలానికి ఆధారం చూపవలె. 2014 డిసెంబరు 26 నుండి అన్ని సమాఖ్య గ్రాంట్లకు ఒకే నియమావళి అమలైనది. ఏడాదిలో 7,50,000 డాలర్లు, అంతకు మించి సమాఖ్య ధనం ఖర్చు చేసిన సంస్థకు ప్రత్యేక ఆడిట్ తప్పనిసరి అయ్యేది. 2024 అక్టోబరు 1న గాని, ఆపైన గాని ఆరంభమయ్యే ఆర్థిక సంవత్సరాలకు ఆ పరిమితిని పది లక్షల డాలర్లకు పెంచినారు. అక్కడ పాఠశాల జిల్లాలలో లెక్కలకై ప్రత్యేక కార్యాలయముండుట పరిపాటి. నియమాలు మారినపుడు ఆ సిబ్బందిని కూర్చుండబెట్టి చెప్పవలసినదే. మన వద్ద ఆ పని సుద్దముక్క పట్టిన చేతిపై పడుచున్నది గనుక శిక్షణ మరింత సులభంగా, మరింత తరచుగా ఉండవలె.

ఇప్పుడు కళాశాల కమిటీ పెద్దలకు విన్నపం. మొదట చెప్పిన మాటకు తిరిగి వచ్చుచున్నాము. రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాక వర్గాలకు తమ విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొనే హక్కు ఇచ్చింది. సహాయధనం ఇచ్చుటలో అట్టి సంస్థలపై వివక్ష చూపరాదని అదే అధికరణం రెండవ ఖండం చెప్పుచున్నది. నిర్వహించే హక్కులో దుర్నిర్వహణ హక్కు చేరి లేదని 1958లో కేరళ విద్యా బిల్లు వ్యవహారంలోనే సుప్రీంకోర్టు స్పష్టపరచింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం సర్కారు బడిలో గ్రాంట్ల వినియోగాన్ని పరిశీలించుటకు, మూడు వంతులు తల్లిదండ్రులే గల యాజమాన్య కమిటీని ఏర్పరచింది. 2012 సవరణ అల్పసంఖ్యాక సంస్థలలోను, ఎయిడెడ్ బడులలోను ఆ కమిటీని సలహాకే పరిమితం చేసింది. 2014లో ప్రమతి వ్యాజ్యంలో రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టం అల్పసంఖ్యాక పాఠశాలలకు వర్తించదన్నది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పునఃపరిశీలించవలసి ఉన్నదని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. చట్టం ఎటు తిరిగినను, నేటి స్థితిలో సర్కారు బడి లెక్కను చూచే తల్లిదండ్రుల కన్ను మన పాఠశాలల లెక్కపై లేదు. బయటి కన్ను లేనిచోట లోపలి లెక్క మరింత శుభ్రంగా ఉండవలెనని మా అభిప్రాయం. మన లెక్కలో ఒక్క పొరపాటు దొరికినను అది ఒక గుమాస్తా పొరపాటుగా మిగులదు, సంస్థల హక్కునే ప్రశ్నించుటకు ఆధారమగును. ఇది న్యాయమా అన్నది వేరే చర్చ. జరిగేది మాత్రం ఇది.

విద్యార్థివేతనాల విషయం కూడ ఇట్టిదే. జాతీయ పోర్టల్‌లో వచ్చిన దరఖాస్తులను సంస్థ తరపున ఒక నోడల్ అధికారి ధ్రువీకరించవలె. సాధారణంగా ఆ బాధ్యత ఏ జూనియర్ అధ్యాపకునికో అంటగట్టుదురు. ఆయన పేర్లు చూడక మొత్తం జాబితాకు ఒక్కసారిగా సమ్మతి తెలిపినచో, చదువుకొంటున్న నిజమైన విద్యార్థి సొమ్ము కూడ విచారణలో చిక్కుకొనును. మన విశ్వాసంలో అమానత్ అన్న మాట ఉన్నది. ఒకరు నమ్మి అప్పగించిన సొమ్ము అని దాని భావం. ఖురానులోని అతి దీర్ఘమైన వాక్యం, రెండవ అధ్యాయంలోని 282వది, ప్రార్థనను గూర్చినది కాదు, ఉపవాసాన్ని గూర్చినది కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకొన్నపుడు లేఖకునిచే వ్రాయించవలె, సాక్షులుండవలె, మొత్తం చిన్నదైనను వ్రాయుటకు విసుగుకొనరాదు అన్న విషయాన్ని గూర్చినది. మన పెద్దలకు ఇది మేము చెప్పవలసినది కాదు.

శిక్షణ ఎట్లుండవలెనన్న దానిపై మా ఆలోచన క్లుప్తంగా చెప్పెదము. ఉపన్యాసాలతో ఆరంభించరాదు. పేర్లు తొలగించిన ఒక నిజమైన నగదు పుస్తకం, దాని ఓచర్ల కట్ట, స్టాకు రిజిష్టరు బల్లపై పెట్టి, ఇందులో తప్పులు వెదకుడు అని అడుగవలె. ఇతరుల తప్పు వెదకుటలో మనుష్యుడు చూపే చురుకుదనం మనకు తెలియనిది కాదు! ఆ పూట ముగిసేసరికి బయానాకు, ఖర్చుకు భేదం ఎవరూ చెప్పకనే బోధపడును. తరువాత ప్రతివారును తమ బడి పుస్తకాన్నే తెరవవలె. కంప్యూటరు తెర చివరన రావలె. ఏ గడిలో ఏ అంకె వేయవలెనో అప్పటికి వారే ఊహించగలరు, తెర మారినను తికమకపడరు. ఒక్కసారి చెప్పి వదలక, జూన్‌లో గ్రాంటు ప్రణాళికకు, డిసెంబరులో సగం ఏడాది పరిశీలనకు, ఫిబ్రవరిలో మిగులు ధనం చూచుకొనుటకు పిలువవలె. మార్చి చివరి వారంలో పిలుచుట వలన హడావుడి తప్ప ఫలితం లేదు.

మన బి.కాం. తృతీయ సంవత్సరం విద్యార్థులు నలుగురైదుగురు ఈ పనిలో తోడ్పడవచ్చును. వారు లెక్క వ్రాయరాదు. అది ప్రధానోపాధ్యాయుని బాధ్యత, సంతకం ఆయనదే. ప్రక్కన కూర్చుండి బ్యాంకు పత్రాన్ని పుస్తకంతో సరిచూపవచ్చును, ఆంగ్ల తాఖీదును తెలుగులోనో ఉర్దూలోనో చదివి చెప్పవచ్చును. రేపు వీరిలో కొందరు కస్తూర్బా విద్యాలయాలలో, మండల కేంద్రాలలో అకౌంటెంట్లు కానున్నారు. కమిటీ వారు అనుమతించినచో రాబోయే జూన్‌లో ఒక శనివారం ఎలమంచిలి పరిసరాల ప్రధానోపాధ్యాయులను మన సమావేశ మందిరానికి ఆహ్వానింపగలము. ఖర్చు తేనీటికి, నకళ్ళకు తప్ప ఉండదు, దానికిని ఓచరు ఉంచెదము.

ఆ ప్రధానోపాధ్యాయుల సంజాయిషీని మేము ఇద్దరమును కూర్చుండి తెలుగులోనే వ్రాసినాము. పంకాల బిల్లు, కమిటీ తీర్మానం, స్టాకు రిజిష్టరు పుట నకలు జతపరచినాము. మిశ్రమ గ్రాంటులో 6,000 మిగిలి వెనుకకు పోయిన సంగతిని దాచక పేర్కొన్నాము. వడ్రంగికి ఇచ్చిన 4,000 బయానాయే గాని ఖర్చు కాదని కూడ ఆయనే పట్టుబట్టి వ్రాయించినారు. మేము వద్దనలేదు. జూలైలో బెంచీలు వచ్చినవి, బిల్లు వచ్చింది. ఈ సంచిక అచ్చుకు పోవునాటికి తాఖీదు పంపిన కార్యాలయం నుండి సమాధానం రాలేదు.